స్టీరింగ్ వంకరగా ఉందని ముందే స్టీరింగ్ ఊడదీయించకండి

ప్రశ్న: నమస్తే అండి. మాది సఖినేటిపల్లి. మా నాన్నగారు 1984లో కొన్న ప్రీమియర్ పద్మినీ కారు మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. ఈమధ్య టై రాడ్ ఎండ్‌లు (ముందు చక్రాలని తిప్పే రాడ్ల చివరి కీళ్లు) లూజయ్యాయని కొత్తవి వేయించాను. అప్పటి నుంచి బండి తిన్నగా వెళ్తున్నా స్టీరింగ్ మాత్రం ఎడమకి ఒరిగి ఉంటోంది. గడియారం లెక్కలో చెప్పాలంటే 12 దగ్గర ఉండాల్సింది 11 దగ్గర ఉంది. అలైన్‌మెంట్ షాపులో మెషీన్ మీద పెడితే అంకెలన్నీ పచ్చగానే చూపించాయి. స్టీరింగ్‌ని ఎడమకి తిప్పితే త్వరగా ఆగిపోతోంది, కుడికి మాత్రం ఎక్కువ తిరుగుతోంది. తిన్నగా పోతున్నప్పుడు ముందెన్నడూ లేని ప్లే (స్టీరింగ్ కదిపినా చక్రాలు కదలని వదులు) కూడా వచ్చింది. మా మెకానిక్ "స్టీరింగ్ ఊడదీసి తిన్నగా పెట్టేస్తానండి, పావుగంట పని" అంటున్నాడు. మాఘమాసంలో మా అబ్బాయి పెళ్లి. పెళ్లికొడుకుని ఈ కార్లోనే నరసాపురం తీసుకెళ్లాలని మా అందరి కోరిక. ఆయన చెప్పినట్టు చేయించేయమంటారా?

సమాధానం: ఇప్పుడే చేయించకండి. మీ మెకానిక్ అన్నట్టు అది పావుగంట పనే. అయ్యాక స్టీరింగ్ చూడ్డానికి తిన్నగానే ఉంటుంది. కానీ ఎడమకి త్వరగా ఆగిపోవడం అలాగే ఉంటుంది, మధ్యలో వచ్చిన ప్లే కూడా అలాగే ఉంటుంది. పైగా ఏదో తేడా ఉందని మీకు చెబుతున్న గుర్తు ఒక్కటీ చెరిగిపోతుంది. మీరు రాసిన మూడు లక్షణాలూ ఒకే చోటికి దారి చూపిస్తున్నాయి కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

పద్మినీకి ఇప్పటి కార్లలాగా ర్యాక్ (అటూ ఇటూ జరిగే పళ్ల కడ్డీ) ఉండదు. ఫియట్ 1100 డిలైట్ నుంచి వచ్చిన బండి కాబట్టి దానికి వార్మ్ గేరు (మరలా ఉండే గేరు) ఉన్న స్టీరింగ్ బాక్సు ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే ఆ వార్మ్ తిరుగుతుంది, అది బాక్సుకి బిగించిన డ్రాప్ ఆర్మ్ అనే చేతిని ఊపుతుంది, అక్కడి నుంచి మధ్య రాడ్డు, రెండు పక్కలా టై రాడ్లు కదిలి చక్రాలు తిరుగుతాయి. ఈ రకం బాక్సుల్లో ఒక సంగతుంది. లోపలి పళ్ల మధ్య ఖాళీ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. సరిగ్గా మధ్యలో పళ్లు బాగా దగ్గరగా పట్టుకుని ఉంటాయి, రెండు చివరలకీ వెళ్లేకొద్దీ ఖాళీ పెరుగుతుంది. తయారుచేసినవాళ్లు కావాలనే అలా పెట్టారు. బండి ఎక్కువసేపు నడిచేది తిన్నగానే కాబట్టి ప్లే లేకుండా ఉండాల్సింది అక్కడే.

టై రాడ్ ఎండ్‌లు మార్చినప్పుడు కొత్త ఎండ్ పాతదాని అంత లోతుకే మరలోకి వెళ్లాలి. నాలుగు చుట్లు అటూ ఇటూ అయితే రాడ్డు పొడవు మారిపోతుంది. ఒక వైపు రాడ్డు పొడుగై, రెండో వైపు పొట్టిదైతే చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు బాక్సు తన మధ్యలో ఉండదు. మీ బండిలో బాక్సు ఎడమకి జరిగిపోయి ఉందని నా అంచనా. అందుకే ఎడమవైపు చివర త్వరగా వచ్చేస్తోంది, కుడివైపు ఎక్కువ మిగులుతోంది. తిన్నగా పోతున్నప్పుడు బాక్సు మధ్యలో కాకుండా ఖాళీ ఎక్కువగా ఉన్నచోట పనిచేస్తోంది కాబట్టి ప్లే వచ్చింది. స్టీరింగ్ ఒక్కటే ఊడదీసి తిన్నగా పెడితే వీటిలో ఏదీ మారదు.

ఇక్కడే ఇంకో ప్రమాదముంది. రేపు ఎవరో ఒకరు "ప్లే ఎక్కువగా ఉంది" అని బాక్సు మీదున్న అడ్జస్టింగ్ స్క్రూ బిగిస్తారు. బాక్సు పక్కకి జరిగి ఉండగా ఆ స్క్రూ బిగిస్తే అక్కడ ప్లే పోతుంది. కానీ మలుపులో స్టీరింగ్ తిప్పినప్పుడు బాక్సు తన అసలు మధ్య మీదుగా వెళ్తూ అక్కడ పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. ఒకవైపు పంట కాలువ, రెండోవైపు బోదె ఉన్న మన గట్టు రోడ్ల మీద ఎదురుగా బస్సొస్తే పక్కకి కోసి, వెంటనే మళ్లీ తిప్పుకోవాలి. అలాంటి చోట పట్టేసే స్టీరింగ్ మనుషుల ప్రాణాల మీదికి తెస్తుంది. స్టీరింగ్ బాక్సు స్క్రూ ఎవరినీ ముట్టుకోనివ్వకండి. బిగించాల్సి వస్తే బాక్సు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడే, అదీ చాలా కొద్దిగా.

తప్పు టై రాడ్లలో ఉందా, స్టీరింగ్ కూర్చున్న పళ్లలో ఉందా అన్నది తేల్చే పరీక్ష ఒకటే. బాక్సుని దాని మధ్యకి తెచ్చి, అప్పుడు స్టీరింగ్ ఎలా ఉందో చూడాలి. మిగతా పనంతా ఆ జవాబుని బట్టే.

బండిని సిమెంటు నేల మీద పెట్టించండి. మన ఒండ్రు నేల మీద జాకీ ఒరిగిపోతుంది, ఎండాకాలంలో కూడా నమ్మకూడదు. వెనక చక్రాలకి అడ్డు పెట్టి, ముందు భాగం లేపి, స్టాండ్ల మీద నిలబెట్టాకే కిందికి దూరాలి. ఒక్క జాకీనే నమ్మి ఎవరినీ దూరనివ్వకండి. తర్వాత రెండు పక్కల టై రాడ్లనీ మధ్య రాడ్డు నుంచి విడదీయాలి. ఈ పని మానేసి, రాడ్లు తగిలించి ఉండగానే స్టీరింగ్ చుట్లు లెక్కపెట్టేవాళ్లు చాలామంది. ఆ లెక్క తప్పుతుంది. రాడ్ల పొడవు సరిగ్గా లేనప్పుడు బాక్సు చివరి దాకా పోకముందే ఒక వైపు చక్రం దగ్గరి స్టాపరు తగిలి ఆపేస్తుంది. దాన్ని బాక్సు చివర అనుకుని సగం చేస్తే వచ్చే మధ్య అసలు మధ్య కాదు.

విడదీసేటప్పుడు ఎండ్‌ల రబ్బరు బూట్లు జాగ్రత్త. రెండు కాళ్ల ఫోర్కు దూర్చి సుత్తితో కొడితే ఎండ్ ఊడొస్తుంది కానీ రబ్బరు చిరిగిపోతుంది. మీవి కొత్త ఎండ్‌లు. పుల్లర్‌తోనే (లాగి ఊడదీసే పనిముట్టు) తీయించండి.

రాడ్లు విడిపోయాక స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది. అంచు మీద పైన ఒక టేపు ముక్క అంటించండి. ఒక చివరకి మెల్లగా తిప్పి, ఆగినచోట ఆపండి. చివర్లో గట్టిగా కొట్టుకోనివ్వకూడదు, లోపలి పళ్లు దెబ్బతింటాయి. అక్కడి నుంచి రెండో చివర దాకా చుట్లూ, మిగిలిన ముక్క చుట్టూ లెక్కపెట్టి సరిగ్గా సగం వెనక్కి రండి. అదే బాక్సు మధ్య. బాక్సు మరీ అరిగిపోకుండా ఉంటే ఆ చుట్టుపక్కల మెల్లగా అటూ ఇటూ ఆడించినప్పుడు చేతికి రవ్వంత బిగువు తెలుస్తుంది. లెక్కలో వచ్చిన మధ్యా, చేతికి తెలిసిన బిగువూ ఒకేచోట ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇప్పుడు స్టీరింగ్ చూడండి. స్పోకులు తిన్నగా ఉంటే తప్పు పూర్తిగా టై రాడ్లదే, స్టీరింగ్ ఊడదీయాల్సిన పనే లేదు. మీ ఉత్తరాన్ని బట్టి ఇదే అవుతుందని నేననుకుంటున్నాను. బాక్సు మధ్యలో ఉన్నా స్పోకులు ఒరిగి ఉంటే, ఇంతకుముందు హారన్ పనికో, కాలమ్ బుష్ పనికో ఎవరో స్టీరింగ్ తీసి పక్క పన్ను మీద కూర్చోబెట్టారన్నమాట. అప్పుడు మీ మెకానిక్ చెప్పిన పని కూడా చేయాలి, అయితే రాడ్ల పనంతా అయ్యాక.

రాడ్ల పని చేసేటప్పుడు స్టీరింగ్ బాక్సు మధ్య నుంచి జరగకుండా కట్టేయాలి. అలైన్‌మెంట్ షాపుల్లో సీటుకీ స్టీరింగ్‌కీ మధ్య బిగించే క్లాంప్ ఉంటుంది. మీకు పచ్చ అంకెలు వచ్చినా స్టీరింగ్ వంకరగా మిగలడానికి కారణం బహుశా ఇదే. రెండు ముందు చక్రాల టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్న కొలత) మొత్తం కలిపి సరిపోయి ఉంటుంది. అది సరిపోతే టైర్లు అరగవు, మెషీన్ కూడా ఊరుకుంటుంది. కానీ స్టీరింగ్‌ని తిన్నగా కట్టకుండా సరిచేస్తే ఆ మొత్తం ఎడమా కుడీ సమానంగా పంచబడదు. కాబట్టి మళ్లీ షాపుకి వెళ్తే "స్టీరింగ్ నేను చెప్పినచోట కట్టేసి, రెండు చక్రాలకీ విడివిడిగా టో పెట్టండి" అని అడగండి. మొత్తం ఎంతన్నది మీ బండి సర్వీసు మాన్యువల్లో చూసి పెట్టాలి. మెషీన్‌లో పద్మినీ పేరు లేదని వేరే కారు లెక్క పెడితే ఒప్పుకోకండి.

మెషీన్ లేకపోయినా ఈ పని బాగా కుదురుతుంది. ఓపిక కావాలి, అంతే. చక్రం ఇరుసు ఎత్తులో బండికి రెండు పక్కలా దారం లాగి కట్టండి. చేపల గాలానికి వాడే నైలాన్ దారం సాగదు, సన్నగా ఉంటుంది, మన దగ్గర ఏ సంతలోనైనా దొరుకుతుంది. దారం నుంచి వెనక హబ్ (చక్రం నడిమి భాగం) దాకా దూరం ఎడమా కుడీ ఒకటే ఉండాలి, ముందు హబ్ దాకా దూరం కూడా అలాగే. ముందు దూరమూ వెనక దూరమూ ఒకటి కాకపోతే కంగారుపడకండి, ముందు చక్రాల మధ్య వెడల్పూ వెనకదీ ఒకటి కాదు. తర్వాత ముందు చక్రం రిమ్ము ముందు అంచు నుంచీ వెనక అంచు నుంచీ దారానికి దూరం కొలిస్తే ఆ చక్రం ఎటు ఎంత చూస్తోందో మిల్లీమీటర్లలో తెలుస్తుంది. చక్రాలు నేల మీదున్నప్పుడు రబ్బరు పట్టేసి కదలవు కాబట్టి ఒక్కో ముందు చక్రం కింద రెండేసి రేకు ముక్కలు, మధ్యలో గ్రీజు రాసి పెట్టండి. కొలిచే ముందు ప్రతిసారీ బండిని ముందు వెనకా కిందికి నొక్కి వదలాలి.

రాడ్డు స్లీవుకి, అంటే పొడవు సరిచేసే మరల గొట్టానికి, సాధారణంగా ఒక చివర కుడి మర, రెండో చివర ఎడమ మర ఉంటాయి. అందుకే ఎండ్ విప్పకుండానే స్లీవు తిప్పి పొడవు మార్చవచ్చు. స్టీరింగ్ మధ్యకి రావాలి, టో మారకూడదు అంటే ఒక వైపు ఎంత పొడిగిస్తే రెండో వైపు సరిగ్గా అంతే తగ్గించాలి. ఏ వైపు పొడిగించాలని తల పట్టుకోవద్దు. పావు చుట్టు తిప్పి, దారం దగ్గర కొలిస్తే చక్రం ఎటు కదిలిందో అదే చెబుతుంది. రెండు స్లీవులూ ఒకే వైపు తిప్పితే ఒకే ఫలితం వస్తుందని మాత్రం అనుకోకండి. మరలు ఏ వైపు ఎలా పెట్టారో బండిని బట్టి ఉంటుంది. బయటికి కనిపిస్తున్న మర పొడవు స్కేలుతో కొలిచి రాసుకోవడమే నమ్మకమైన పద్ధతి. గడియారంలో ఒక గంట ఒరుగంటే స్టీరింగ్ దగ్గర 30 డిగ్రీలు. ముందు చక్రాల దగ్గరికొచ్చేసరికి అది సుమారు రెండు డిగ్రీలే అవుతుంది, రాడ్ల మీద కొద్ది మిల్లీమీటర్లు. అందుకని ఒకేసారి చుట్లకి చుట్లు తిప్పేయకండి.

మీది సముద్రం దగ్గరి ఊరు. ఉప్పుగాలికి స్లీవులూ క్లాంపు బోల్టులూ తుప్పు పట్టి ఉంటాయి. ముందురోజు రాత్రే డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయండి. మొండికేసిన స్లీవుని పైపు పానాతో పిసికి తిప్పితే అది నొక్కుకుపోతుంది, అప్పుడు కొత్తది వెతుక్కోవాలి. కొత్త ఎండ్‌లు వేసేటప్పుడే మరలకి గ్రీజు రాయిస్తే రేపటి పని తేలికవుతుంది.

వీటన్నిటికంటే ముందు చూడాల్సినవి కొన్నున్నాయి. నాలుగు టైర్లలో గాలి, ముందు రెండు టైర్లూ ఒకే రకమా కాదా, ఐడ్లర్ ఆర్మ్ (మధ్య రాడ్డు రెండో చివరని మోసే చెయ్యి) బుష్, కింగ్ పిన్‌లు (ముందు చక్రాలు పక్కకి తిరిగే పిన్నులు), స్టీరింగ్ బాక్సుని బాడీకి బిగించిన బోల్టులు. వీటిలో ఏది లూజుగా ఉన్నా ఇవాళ పెట్టిన సెట్టింగు రేపటికి నిలవదు. వెనకవైపు కూడా ఒకసారి వంగి చూడండి. పద్మినీ వెనక ఇరుసు కమాన్ పట్టీల మీద కూర్చుంటుంది. యూ బోల్టులు వదులై, పట్టీ మధ్య బోల్టు తెగితే ఇరుసు కొద్దిగా అడ్డం తిరుగుతుంది. అప్పుడు ముందు ఎంత సరిచేసినా బండి పీతలా పక్కవాటుగా నడుస్తుంది, స్టీరింగ్ మళ్లీ ఒరుగుతుంది. ముందు హబ్ నుంచి వెనక హబ్ దాకా రెండు పక్కలా కొలవండి. పద్మినీ వీల్‌బేస్ 2,340 మిల్లీమీటర్లు. అసలు అంకె కంటే రెండు పక్కలా ఒకటే రావడం ముఖ్యం.

స్టీరింగ్ ఊడదీయక తప్పదని తేలితే బ్యాటరీ వైరు తీసి, హారన్ కనెక్షన్ జాగ్రత్తగా విప్పించండి. షాఫ్టు మీదా హబ్ మీదా పెయింటుతో గుర్తు పెట్టించండి. నట్టు పూర్తిగా తీసేయకుండా మూడు నాలుగు మరల మీద ఉంచి పుల్లర్ వేయాలి, లేకపోతే ఊడిన స్టీరింగ్ ఎదురుగా ఉన్నవాళ్ల మొహానికి తగులుతుంది. షాఫ్టు తల మీద సుత్తితో కొట్టడం మాత్రం ఎంతమాత్రం వద్దు. ఆ దెబ్బ నేరుగా బాక్సులోని బేరింగులకి పోతుంది. ఎన్ని పళ్లు జరపాలో ముందే లెక్క వేసుకోవచ్చు. 360ని పళ్ల సంఖ్యతో భాగిస్తే ఒక పన్నుకి ఎన్ని డిగ్రీలో తెలుస్తుంది. ఒక పన్ను కంటే తక్కువ తేడాని స్టీరింగ్ దగ్గర ఎలాగూ సరిచేయలేరు. అది రాడ్ల దగ్గర పావు చుట్లతో సరిచేసుకోవాల్సిందే.

అంతా అయ్యాక చక్రాలు దించి, రెండు వైపులా చివరి దాకా తిప్పి చూడండి. క్లాంపు బోల్టు తల ఎక్కడైనా తగులుతోందా, బ్రేకు హోస్ పైపు లాగుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. టై రాడ్ ఎండ్ నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ దూరకపోతే నట్టు ఇంకాస్త బిగించి రంధ్రం కలపాలి, వెనక్కి వదిలి కలపకూడదు. పాత పిన్నునే తిన్నగా చేసి మళ్లీ పెట్టడం వద్దు.

పరీక్ష ఎక్కడ చేయాలన్నది కూడా చెప్పాలి. గట్టు రోడ్లన్నీ అంచులకి వాలి ఉంటాయి. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఆ వాలుకి బండి ఎడమకి లాగుతుంది, మనకి తెలియకుండానే స్టీరింగ్‌ని కొంచెం కుడికి పట్టుకుంటాం. అక్కడ చూసి "ఇంకా వంకరే" అని మళ్లీ రాడ్లు తిప్పితే పని చెడుతుంది. దగ్గర్లో రైస్ మిల్లు ఉంటే ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఖాళీగా ఉన్నప్పుడు అడిగి, మెల్లగా తిన్నగా నడిపి ఆపి చూడండి. రెండు దిక్కుల్లోనూ నడిపి చూడాలి. అక్కడ తిన్నగా ఉందంటే ఇక రోడ్డు మీద కనిపించే కొద్దిపాటి తేడా రోడ్డుది. స్టీరింగ్ తిన్నగా ఉండి కూడా బండి ఒక పక్కకి గట్టిగా లాగితే అది వేరే జబ్బు. గాలి తేడానో, ఒక వైపు బ్రేకు పట్టేయడమో అయి ఉంటుంది. కాసేపు నడిపాక నాలుగు హబ్‌ల దగ్గరా చెయ్యి పెట్టకుండా దగ్గరగా తెచ్చి చూస్తే పట్టేసిన వైపు వేడి తెలుస్తుంది.

పెళ్లికి పద్మినీ తీసుకెళ్లాలన్న మీ కోరిక నాకు చాలా నచ్చింది. మాఘం దాకా ఆగకుండా ఇప్పుడే చేయించండి. తర్వాత రోజువారీ పనులకి కొన్నాళ్లు అదే బండి వాడండి. నరసాపురం వెళ్లడానికి పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) ఎక్కించేట్టయితే ఈ పని మరీ అవసరం. పలకల మీదికి ఎక్కించేటప్పుడూ, వెనక్కి దించేటప్పుడూ మీకు చక్రాలు కనిపించవు, స్టీరింగ్‌ని చూసే చక్రం ఎటుందో తెలుసుకోవాలి. విడి భాగాల గురించి టెన్షన్ పడకండి. ముంబైలో పద్మినీ టాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి, అక్కడి పాత సామాన్ల దుకాణాల్లో ఐడ్లర్ ఆర్మ్ బుష్‌ల లాంటివి వెతికితే దొరుకుతాయి.

ఇదే ఇబ్బంది అంబాసిడర్‌కి వస్తే ఏం చేయాలని అడిగేవాళ్ల కోసం ఒక మాట. 2014 దాకా తయారైన అంబాసిడర్‌కి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉంటుంది, బాక్సు ఉండదు. ర్యాక్‌ని రెండు చివరల మధ్య సగానికి తేవడం, తర్వాత రెండు పక్కల రాడ్లూ సమానంగా సరిచేయడం, స్టీరింగ్‌ని ఆఖరికి ముట్టుకోవడం అన్న వరస అదే. రాడ్డు తిప్పే ముందు రబ్బరు బూటు క్లిప్పు వదులు చేయాలి, లేకపోతే బూటు మెలిపడి చిరుగుతుంది. వానాకాలంలో ఆ చిరుగులోంచి నీళ్లూ బురదా పోతే ర్యాక్ తొందరగా పాడవుతుంది.

మీ బండి సంగతికొస్తే, పనయ్యాక రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి స్లీవు క్లాంపులూ ఎండ్ నట్టులూ మళ్లీ ఒకసారి బిగుతు చూపించండి. ముందు టైర్ల మీద అరచెయ్యి లోపలి అంచు నుంచి బయటికీ, బయటి నుంచి లోపలికీ నిమిరి చూడండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు గరుకుగా తగిలితే టో ఇంకా సరిపోలేదు. ఏ టైరు ఏ వైపు గరుకుగా ఉందో, దారం దగ్గర వచ్చిన కొలతలేంటో రాసి పంపండి, ఏ రాడ్డు ఎంత తిప్పాలో చెబుతాను.